రెండోసారి వచ్చిన చుట్టాలు

పాలమూరు మనిషి ఇంటికి చుట్టం వస్తున్నాడంటే ఒంట్లో జ్వరాన్ని కూడా దాచిపెట్టుకుంటాడు. గోడ పగిలిన చోట క్యాలెండర్ తగిలిస్తాడు. కోడు విరిగిన మంచం మీద తను సర్దుకుని కూర్చుని, ఉన్న ఒక్క కుర్చీ చుట్టానికి వేస్తాడు. అఖిలకు ఈ గుణం మీద ఎన్నడూ కోపం లేదు. ఆమెది నల్లగొండ దిక్కు రామన్నపేట, మగ్గాల ఇల్లు. అక్కడా ఇదే తంతు. కల్వకుర్తి కోర్టులో వకీలుగా కుదురుకున్నాక పాలమూరు వాళ్ళూ ఆమెకు సొంతవాళ్ళే అయ్యారు. కానీ ఆ ఏడాది ఈ చక్కటి గుణమే ఒక తల్లినీ బిడ్డనూ తాళం వెనకే ఉంచేయబోయింది. అప్పుడు మాత్రం ఆమెకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఆ తల్లి పేరు సెతారా. బర్మా రోహింగ్యా మనిషి. ఊరు తగలబడ్డాక కట్టుబట్టలతో బయటపడింది. మొగుడు దారిలో తప్పిపోయాడు, మళ్ళీ జాడ లేదు. కడుపులో బిడ్డతో, హైదరాబాదులో ఎవరో దూరపు చుట్టం ఉన్నాడని రైలెక్కి, చేరకముందే పోలీసులకు చిక్కింది. కాగితాలు లేకుండా దేశంలోకి వచ్చినందుకు కోర్టు శిక్ష వేసింది. ఆ శిక్షా అయిపోయింది. శిక్ష అయిపోయిన మనిషిని ఇంటికి పంపాలి. ఈమెకు ఇల్లేది? బర్మా ఈమె మా మనిషి కాదు పొమ్మంది. ఇక్కడ బయటికి వదలడానికి చట్టం ఒప్పుకోదు. అటూ ఇటూ కాని ఇలాంటి ఆడవాళ్ళ కోసం శ్రీశైలం రోడ్డుకు ఓ పక్కగా, మూతపడ్డ పాత హాస్టల్‌ను మళ్ళీ తెరిచారు. రికార్డుల్లో దాని పేరు తాత్కాలిక వసతి గృహం. చుట్టుపక్కల అందరూ బర్మా హాస్టల్ అంటారు.

సెతారా కూతురు రుకియా ఇక్కడి సర్కారు దవాఖానలోనే పుట్టింది, వార్డు గుమ్మంలో పోలీసు కాపలా ఉండగా. ఇప్పుడు బడికి పోవాల్సిన వయసు. దవాఖాన పనికి తప్ప గేటు దాటి ఎరగదు. చప్పుడు విని అది లారీయో బస్సో చెప్పగలదు కానీ బస్సెక్కడం ఎట్లా ఉంటుందో తెలియదు. బర్మా మాట తల్లితో నాలుగు ముక్కలు మాట్లాడుతుంది, మిగతాదంతా కల్వకుర్తి తెలుగే. హాస్టల్లో ఆయాగా చేసే బిక్షమ్మను అవ్వా అని పిలుస్తుంది.

ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉండే ఒక చలిదేశం, ఇలా ఎక్కడా చోటు లేక నిర్బంధంలో మగ్గుతున్న శరణార్థులను కొందరిని తీసుకుంటానంది. ఆ మాట చెవిన పడ్డనాటి నుంచి అఖిల కుదురుగా కూర్చోలేదు. న్యాయ సహాయం కింద సెతారా కేసు ఆమెకు వచ్చింది. మామూలుగా అయితే శిక్ష అయిపోయినప్పుడే వకీలు పనీ అయిపోవాలి. అఖిల వదలలేదు. శరణార్థుల సంస్థ వెంట పడింది, ఢిల్లీలోని ఆ దేశపు ఎంబసీకి రాసింది, రాసినదానికి జవాబు రాకపోతే ఫోన్ చేసింది. చివరికి ఎంబసీ నుంచి మారిట్ అనే అధికారిణి స్వయంగా వచ్చి చూస్తానంది.

ఇంకేముంది, హాస్టల్ ఇంచార్జి నరహరికి పూనకం వచ్చింది.

నరహరి చెడ్డవాడు కాదు. సర్కారు కొలువులో ఉండి కూడా మనుషుల మొహం చూసి మాట్లాడేవాడు. విదేశాల వాళ్ళు వస్తున్నారనగానే గోడలకు సున్నం కొట్టించాడు. గేటు మీది ముళ్ళతీగ కనబడకుండా రంగుల షామియానా కట్టించాడు. కిటికీ చువ్వలకు బంతిపూల దండలు చుట్టించాడు. గేటు తాళం తీసి తన టేబుల్ సొరుగులో వేసుకున్నాడు. సెతారా కోసం బజారులో హలాల్ దుకాణం నుంచే నాటుకోడి తెప్పించాడు. జొన్నరొట్టెలు, సర్వపిండి, సకినాలు, పరమాన్నం. పెళ్ళివారికి కూడా అంత మర్యాద జరగదు.

అఖిలేమన్నా తక్కువ తిన్నదా? రామన్నపేటకు ఫోన్ చేసి తల్లి యాదమ్మతో మగ్గం మీది చీర ఒకటి తెప్పించింది. "దూరం దేశపోళ్ళు ఒస్తున్నరు, మన పిల్ల మంచిగ కనబడాలె గద అమ్మా," అంది. ఎర్రంచు చీరలో సెతారా నిజంగానే మెరిసిపోయింది. బిక్షమ్మ ఆమె జడలో పూలు పెట్టింది.

మారిట్ వచ్చింది, తిన్నది, ఫోటోలు దిగింది. రుకియా ఆమెకు తెలుగులో పాట పాడి వినిపించింది. ఇక్కడ ఎలా ఉందని అడిగితే సెతారా తలొంచుకుని, "ఏం తక్లీఫ్ లేదు, అందరు మంచోళ్ళే," అంది. పెట్టిన చెయ్యి ఎదురుగానే ఉండగా ఆ ఇంట్లో కష్టం గురించి ఎవరు చెప్పుకుంటారు? పిల్ల సంగతి ఏమిటని బిక్షమ్మను అడిగారు. బిక్షమ్మ రుకియాను ఒళ్ళోకి లాక్కుని, "ఇది మా బిడ్డనే మేడం. నా మనుమరాలే అనుకోండ్రి. దీనికేం తక్కువ లేదు, నేనున్న కదా సాదుకునేటందుకు," అంది. ఎంబసీ వాళ్ళు హైదరాబాదు నుంచి తెచ్చుకున్న దుబాసీ ఆ మాటలను పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. అది విని అఖిలకు కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనుషుల మధ్య బతుకుతున్నానని గర్వపడింది కూడా.

కొన్ని వారాలకు మారిట్ ఫోన్ చేసింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. ఆ మర్యాద వినగానే సంగతి చెడిందని అఖిలకు తెలిసిపోయింది.

"మా దగ్గర చోట్లు తక్కువ. వేరే ఏ దారీ లేనివాళ్ళకే ఇవ్వాలి. సెతారాకు అక్కడ ఆదరించే ఊరుంది, పాపకు అవ్వ లాంటి మనిషి ఉంది. పెంచుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నారు కదా. అలాంటి చోటు నుంచి వాళ్ళను పెరికి తేవడం మంచిది కాదని మా కమిటీ అనుకుంది. ఇద్దరి పేర్లూ పక్కన పెట్టాం."

"మేడం, ఆమె గేటు దాటలేదు," అంది అఖిల.

"గేటుకు తాళమే లేదు కదా. నేను చూశాను."

ఆ తాళం నరహరి టేబుల్ సొరుగులో ఉందని అఖిలకు ఆరోజే తెలుసు. తెలిసీ, మంచి పనే చేశాడనుకుంది.

తేరుకున్నాక మాత్రం ఆమె బతిమాలలేదు. కోర్టులో వాదించినట్టు వాదించింది. మీరు చూసింది మా ఇంటిని కాదు మేడం, మా మర్యాదను చూశారు, మా దేశంలో చుట్టం ముందు ఎవరూ తమ లోటు చెప్పుకోరు, చెప్పుకోమని మీరు అడగనూ లేదు, అంది. మళ్ళీ ఒకసారి రండి, చెప్పకుండా రండి, అంది. మారిట్ తమ దేశంలో కొత్త ప్రభుత్వం రాబోతోందని, ఈ ఏడాదితో ఈ పథకం మూతపడొచ్చని చెప్పింది. మిగిలిన చోట్లు భర్తీ చేసేలోపు ఒక్కసారి వస్తాను, అయితే రెండు సంగతులు కావాలి అంది. ఒకటి, లోపల నిజంగా ఎలా ఉందో అక్కడ పనిచేసేవాళ్ళే చెప్పాలి, వకీలు చెబితే కుదరదు. రెండు, మేం తీసుకుంటామంటే ఆమెను దేశం దాటనిస్తామని ఇక్కడి ప్రభుత్వం కాగితం ఇవ్వాలి.

అఖిల ఆ మధ్యాహ్నమే నరహరి ముందు కూర్చుంది. విన్నంతసేపూ ఆయన మొహం మాడిపోయింది.

"నా చేతులతోని నేనే, మా హాస్టల్ జైలు లెక్కుంటది అని పరాయి దేశపోళ్ళకు చెప్పాల్నా? ఇజ్జత్ ఉండొద్దా మేడం?"

"ఇజ్జత్ మనం మొన్న చూపిచ్చినం సార్. ఇగ ఉన్నదున్నట్టు చూపిద్దాం."

"నేను గంత ఖర్సు పెట్టి గంత మంచిగ చేస్తే..."

"గంత మంచిగ చేసినందుకే సార్ గీ తిప్పలు."

నరహరి కష్టం అఖిలకు అర్థమైంది. ఆయన సున్నం కొట్టించింది మోసం చేయడానికి కాదు. వచ్చినవాళ్ళు ఈ పిల్లలను చూసి ముచ్చటపడి తీసుకుపోతారని ఆశపడ్డాడు. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు చేశాడు. అవతలివాళ్ళు వెతికేది అందం కాదని ఎవరికి తట్టింది?

"రానియ్యండ్రి," అన్నాడు చివరికి. "షామియానా కట్టియ్య. కోడి కొయ్య. కని నన్ను నోరు తెరవమనకండ్రి. నాకు పైన ఆఫీసర్లున్నరు."

దేశం దాటనిచ్చే కాగితం కోసం అఖిల హైదరాబాదు తిరిగింది. విదేశీయుల వ్యవహారాలు చూసే అధికారి ఆమె చెప్పిందంతా విని, "ముందు వాళ్ళను తీసుకుంటమని రాసియ్యమనండి, తర్వాత మేం పంపుతమని రాసిస్తం. వాళ్ళు తీసుకోకపోతే మా అనుమతి గాలిలో ఉండాల్నా?" అన్నాడు. మారిట్‌కు చెబితే ఆమె, ముందు మీ ప్రభుత్వం ఇస్తేనే మా కమిటీ రాస్తుంది అంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోసుకెళ్ళి అఖిలకు విసుగెత్తింది. రెండు దేశాలకూ ఆ తల్లీబిడ్డల మీద పగేమీ లేదు. ఎవరు ముందు తలవంచారన్న మాట పడకూడదంతే. దానికోసం ఒక పిల్ల చువ్వల వెనక పెద్దదైపోతున్నా ఎవరికీ తొందర లేదు.

మళ్ళీ ఆ అధికారి గదికి పోయింది. ఈసారి ఫైలు తెరవలేదు.

"సార్, మీ ఇంట్ల లగ్గం ఖాయం చేసుకునేటప్పుడు తాంబూలాలు ఎవలు ముందిస్తరు?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ముందెనక లేదమ్మా. రెండు దిక్కులోళ్ళు పళ్ళాలు పట్టుకోని ఒక్కసారే మార్చుకుంటరు."

"గట్లనే చేద్దాం సార్. మీ కాగితం మీరు తయారు పెట్టుకోండ్రి, వాళ్ళ కాగితం వాళ్ళు తెచ్చుకుంటరు. ఆ మేడం హాస్టల్ చూసి తిరిగొచ్చినంక, మీ గదిలనే, ఒక్కసారే. ఎవరికి ఎవరు ముందియ్యలే."

ఆయన మెల్లగా నవ్వి, మీది ఏ ఊరమ్మా అని అడిగాడు. రామన్నపేట అంటే, మాది ఆ పక్కనే అన్నాడు. ఊరు కలిసినందుకే ఒప్పుకున్నాడో, మాట నచ్చి ఒప్పుకున్నాడో అఖిల అడగలేదు. మారిట్ కూడా సరేనంది. సంతకం పెట్టిన కాగితం బ్యాగులో పెట్టుకుని వస్తానని, హాస్టల్‌లో చూసినదాన్ని బట్టి అది బయటికి తీయాలో వద్దో తేల్చుకుంటానని చెప్పింది.

ఇక మిగిలింది బిక్షమ్మ. నరహరి నోరు తెరవనన్నాడు, సెతారా తనను చూసుకున్నవాళ్ళ మీద నేరం చెప్పదు. చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఆదివారం చర్చి వదిలాక అఖిల బిక్షమ్మ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల రేకుల ఇల్లు, వాకిట్లో చిక్కుడు పందిరి. తాతల నాడు గుంట భూమి లేని కుటుంబం. ఆమె భర్త ఇస్రాయేలు కూలి పని చేసి కొనుక్కున్న ఇంటి జాగా అది. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. బిక్షమ్మ చాప వేసి, మంచినీళ్ళు ఇచ్చి, సంగతంతా కదలకుండా విన్నది.

"అయితే నేను బిడ్డా అన్నది అబద్దమంటవా వకీలమ్మా?"

"అబద్దం కాదు పెద్దమ్మా. నువ్వు గుండెల నుంచి అన్నవు. గందుకే వాళ్ళు నమ్మిండ్రు."

"మరి నేనే సాదుకుంట. రాసిస్త."

"చట్టం ఒప్పుకోదు. సెతారా ఈ దేశం మనిషి కాదు, ఆమె బిడ్డా కాదు. నువ్వు ఎంత సాదుకున్నా గేటు లోపట్నే సాదుకోవాలె. నువ్వు కొలువు దిగిపోతే ఇంకో ఆయా ఒస్తది."

బిక్షమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పొద్దుగాల నేను పోంగనే కాళ్ళకు సుట్టుకుంటది. పోతే మళ్ళ కంటికి కనబడతదా?"

కనబడదు, అని అఖిల ఉన్నమాటే చెప్పింది. ఓదార్చే మాటలు ఆమెకు చాలా వచ్చు, కానీ ఓదార్పులతోనే పని చెడింది. బిక్షమ్మ చెప్తాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. లేచి చిక్కుడుకాయలు తెంపి, వద్దన్నా వినకుండా అఖిల సంచిలో పోసింది.

మారిట్ అన్నట్టే ముందుగా కబురు పెట్టకుండా వచ్చింది. అఖిలకు కూడా కారు హైదరాబాదు దాటాకే ఫోన్ చేసింది. కోర్టు వాయిదా అడుక్కుని అఖిల పరుగున చేరేసరికి గేటు బయట కారు నిలబడి ఉంది. తాళంచెవి తేవడానికి వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. ఎర్రటి ఎండలో, ముళ్ళతీగ కింద ఒక దేశపు ప్రతినిధి నిలబడి ఉంటే నరహరి ప్రాణం విలవిల్లాడింది. చివరికి ఉండబట్టలేక బిస్కెట్ల ప్లేటు తెప్పించాడు. గేటు తెరిచి ఆఫీసు గదిలోకి వచ్చాక అఖిల ఆ ప్లేటును తీసి బీరువా మీద పెట్టింది.

ఈసారి మారిట్ గదులు చూసింది, కిటికీలు చూసింది. సెతారాతో విడిగా మాట్లాడింది. బయటికి వచ్చి తల అడ్డంగా ఆడించింది. "మళ్ళీ అదే మాట. అందరూ మంచివాళ్ళే అంటోంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పడం లేదు," అంది.

ఆఖరికి బిక్షమ్మను పిలిచారు. ఆమె వచ్చి బల్ల మీద కూర్చుంది. రుకియా వెంటే వచ్చి అలవాటుగా ఆమె ఒళ్ళోకి ఎక్కింది. అఖిలకు అక్కడ మాట్లాడే హక్కు లేదు. గోడ పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంది.

"పోయినసారి ఈ పాప మీ బిడ్డే అన్నారు," అంది మారిట్, దుబాసీ ద్వారా. "ఇప్పుడూ అదే అంటారా?"

బిక్షమ్మ నరహరి వైపు చూసింది. నోరు తెరవనన్న నరహరి గొంతు సవరించుకుని, "ఉన్నదున్నట్టు చెప్పు బిక్షమ్మా. నన్ను చూడకు," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన చేతిలోని రుమాలు నలిగిపోయింది.

"కాదు మేడం," అంది బిక్షమ్మ. "ఇది నా బిడ్డ కాదు."

దుబాసీ చెప్పాడు. రుకియా తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"పోయిన వానకాలం దీనికి జొరమొచ్చింది. ఒళ్ళు కాలిపోతాంది. కండ్లు తేలేస్తాంది. బయటికి తీస్కపోవాలంటే పోలీసు రావాలె, ఆర్డర్ కావాలె. మా సారు సెలవుల ఉండె. పోలీసోళ్ళకు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎవ్వలు ఎత్తలే. సితారమ్మ బిడ్డను ఎత్తుకోని గేటు కాడ నిలబడి నా కాళ్ళు పట్టుకున్నది. తీ అవ్వా, గేటు తీ అవ్వా అని మొత్తుకున్నది. తాళంచెవి నా రొండికే ఉండె మేడం. నేను తియ్యలే."

ఈ సంగతి అఖిలకు సెతారా ఎన్నడూ చెప్పలేదు. నరహరికీ తెలిసినట్టు లేదు, ఆయన కుర్చీలో కిందికి జారినట్టు కూర్చున్నాడు.

"తీస్తే నా కొలువు పోతదని తియ్యలే. పోలీసు జీపు ఒచ్చేదాకా అట్లనే నిలబెట్టిన. దేవుడు సల్లగ సూసిండు, పిల్ల దక్కింది. నా సొంత మనుమరాలైతే తాళం పలగ్గొట్టి ఉరుకకపోదునా? మీరే చెప్పుండ్రి. ఆ సితారమ్మ గిది మీకు చెప్పలే సూడు, నా అన్నం తిన్నదని చెప్పలే. నేను మంచిదాన్నే, అన్నం పెడుత, జడ ఏస్త. పొద్దుగూకంగ నేనే తాళం ఏస్త. మేం ఎంత మంచోళ్ళమైనా గీడ తాళం ఏసేటోళ్ళమే మేడం. తీస్కపోండ్రి దీన్ని."

దుబాసీ కుర్రవాడు మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్ళు తాగి, మొత్తం చెప్పాడు. మారిట్ రాసుకోవడం ఎప్పుడో మానేసింది. రుకియా మెల్లగా బిక్షమ్మ ఒళ్ళోంచి దిగి, ఎవరి వైపూ చూడకుండా తల్లి గదికి నడిచి వెళ్ళిపోయింది. బిక్షమ్మ ఆ పిల్లను వెనక్కి పిలవలేదు.

ఆ సాయంత్రమే హైదరాబాదులో ఆ అధికారి గదిలో రెండు కాగితాలు చేతులు మారాయి. ఇద్దరూ కుడిచేత్తో ఇచ్చి ఎడంచేత్తో పుచ్చుకోవడం చూసి అఖిల నవ్వాపుకుంది. రుకియా, సెతారా ఇద్దరి పేర్లూ మళ్ళీ లెక్కలోకి వచ్చాయి.

ఆ తర్వాత కూడా నెలలు పట్టింది. వైద్య పరీక్షలు, వేలిముద్రలు, ప్రయాణ పత్రాలు, ఎవరో ఒకరి సంతకం ఎప్పుడూ తక్కువ. అఖిల ఒక్కదాన్నీ ఆగనివ్వలేదు. ఒక ఫైలు పై అధికారి టేబుల్ మీద నిలిచిపోతే అక్కడే బెంచీ మీద టిఫిన్ డబ్బా విప్పుకుని తిని, సంతకం అయ్యాకే లేచింది. హాస్టల్ లోపలి సంగతి బయటివాళ్ళ ముందు ఎందుకు చెప్పావని బిక్షమ్మకు మెమో వచ్చింది. దానికి జవాబు నరహరే రాశాడు, చెప్పమన్నది నేనే అని. ఆయనను ఇంకో జిల్లాకు బదిలీ చేశారు. పోయేముందు, జ్వరం వస్తే ఆర్డర్ కోసం చూడకుండా గేటు తీయాలని రాతపూర్వకంగా పెట్టించి పోయాడు.

అన్నాళ్ళూ రుకియా బిక్షమ్మతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నది, జడ వేస్తే వేయించుకుంది, అవ్వా అని మాత్రం పిలవలేదు. సెతారా ఎంత నచ్చజెప్పినా ఆ పిల్ల నోరు విప్పలేదు. బిక్షమ్మ ఒక్క రోజు కూడా పనికి మానలేదు. చిన్నదానికి కోపం రావాల్సిందేనని అఖిలతో అంది.

విమానాశ్రయానికి తీసుకుపోయే జీపు పొద్దున్నే వచ్చింది. నరహరి బదిలీ అయిన చోటు నుంచి సెలవు పెట్టి వచ్చాడు. సెతారా బిక్షమ్మను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మాటల్లో సగం బర్మా మాట, సగం తెలుగు, బిక్షమ్మకు అంతా అర్థమైనట్టే ఉంది. తర్వాత సెతారా కూతుర్ని ముందుకు తోసి, అవ్వకు చెప్పు అంది.

రుకియా కొత్త స్వెట్టర్‌లో, బొమ్మల బ్యాగు భుజానికి తగిలించుకుని బిక్షమ్మ ఎదుట నిలబడింది. నేల చూస్తూ, "పోతున్న," అంది.

ఈ నేల మీద అంగడికి పోయే మనిషి కూడా పోయొస్తనని చెప్పే గడప దాటుతాడు. ఒట్టి పోతున్న అనే మాటను ఇంట్లో ఎవరి నోటా రానివ్వరు. ఆ పిల్లకు అది తెలియక కాదు. బిక్షమ్మ రోజూ డ్యూటీ దిగేటప్పుడు ఆ పిల్లకు పోయొస్త అని చెప్పి, పోయిరా అని చెప్పించుకునే వెళ్ళేది. కావాలనే అన్నది.

"గట్లనొద్దు బిడ్డా," అన్నాడు నరహరి కంగారుగా. "పోయొస్త అనాలె. ఏదీ, అను."

"వద్దు సారు," అంది బిక్షమ్మ. "దానికే మంచిగ ఎర్క."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పో బిడ్డా. పోయి, అక్కడ్నే ఉండు. చదువుకో. బస్సులెక్కు. గీడికి మళ్ళ రాకు. ఒస్తవా?"

రుకియా రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి, చెవిలో చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"రాను అవ్వా."